ఇత్తడి మొండికేస్తే ఏం చేస్తారు?

ఇంటర్వ్యూ బోర్డు మీ ముందు ఒక ఇత్తడి గొట్టం, ఒక గేజ్ పెట్టింది. ‘నిన్నటిదాకా ఇది ఇందులో దూరింది. ఇవాళ దూరట్లేదు. ఏం చేస్తావ్?’ అని అడిగింది. మెకానికల్ విద్యార్థుల్లో చాలామంది నోట వచ్చే మొదటి జవాబు ‘డైలో పెట్టి ఇంకాస్త గట్టిగా నొక్కుతా సార్’. చిక్కంతా ఆ జవాబులోనే ఉంది. ఎందుకో అర్థం కావాలంటే ఒకసారి రైఫిల్ తూటా దగ్గరికి వెళ్లాలి.

అమెరికాలో గురి పోటీలకు వెళ్లేవాళ్లు, వేటగాళ్లు చాలామంది పేల్చిన తూటా ఇత్తడి కేసును పారేయరు. సరిచేసి, మళ్లీ నింపి వాడుకుంటారు. అక్కడ అది మామూలు హాబీ. మన దగ్గర ఆయుధాల చట్టం-1959 ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం నేరం. కాబట్టి మనకు ఇది చేసి చూసే పని కాదు. కానీ ఇందులో దాగిన మెటలర్జీ మాత్రం ఏ ప్రెస్ షాపులోనైనా అక్కరకొచ్చేదే.

రైఫిల్ కేసు చిన్న సీసాలా ఉంటుంది. కింద ఒళ్లు, పైన వాలుగా భుజం, ఆ పైన మెడ. తూటా పేలినప్పుడు లోపలి ఒత్తిడికి కేసు ఉబ్బి ఛాంబర్ గోడలకు అతుక్కుంటుంది. ఒత్తిడి తగ్గగానే కొద్దిగా వెనక్కి ముడుచుకుంటుంది. అందుకే బయటికి లాగగలుగుతాం. అయితే పాత కొలతకు మాత్రం రాదు. దాన్ని డైలోకి నొక్కి మళ్లీ కొలతకు తేవడమే రీసైజింగ్.

నొక్కిన తర్వాత కూడా కొన్నిసార్లు బోల్ట్ మూసుకోదు. అప్పుడు డైని కిందికి దించి భుజాన్ని ఇంకా వెనక్కి నెట్టాలనిపిస్తుంది. బోల్ట్ యాక్షన్ రైఫిల్‌కు సాధారణంగా భుజం వెనక్కి జరగాల్సింది 0.025 నుంచి 0.05 మిల్లీమీటర్లు. అంటే తల వెంట్రుక మందం కూడా కాదు. అంతకుమించి నెడితే బోల్ట్ హాయిగా మూసుకుంటుంది. పని అయిపోయిందనుకుంటాం. అసలు ప్రమాదం ఇక్కడే మొదలవుతుంది. ఛాంబర్‌లో ఖాళీ ఎక్కువైంది కాబట్టి పేల్చిన ప్రతిసారీ కేసు అడుగుకు కాస్త పైన సాగి పలచబడుతుంది. బయట ఒక మెరిసే గీతలా కనబడుతుంది. చివరికి అక్కడే రెండుగా తెగి, వేడి వాయువులు కాల్చేవాడి ముఖం వైపు రావచ్చు. దూరని కేసు కన్నా ఇది ఎన్నో రెట్లు చెడ్డది.

నిజానికి కారణం భుజమే కాకపోవచ్చు. కేసు పొడవు పెరిగి ఉండొచ్చు. అప్పుడు కత్తిరించాలి. మెడ లోపల తడి లేక, డైలోని ఎక్స్‌పాండర్ బయటికి వచ్చేటప్పుడు భుజాన్ని తనతోపాటు పైకి లాగి ఉండొచ్చు. లూబ్రికెంట్ తక్కువైతే కేసు డైలోనే ఇరుక్కుంటుంది. ఎక్కువైతే భుజం మీద సొట్టలు పడతాయి. ఏది జరిగిందో తెలియాలంటే నొక్కకముందు, నొక్కిన తర్వాత కొలవాలి. వేరే దారి లేదు.

అన్నిటికన్నా తికమకపెట్టేది ఇంకొకటి. డై కదపలేదు, లూబ్రికెంట్ సమంగానే ఉంది. అయినా ఒక కేసు పొట్టిగా, ఇంకోటి పొడుగ్గా వస్తోంది. ఇది వర్క్ హార్డెనింగ్. ఉబ్బి, నలిగి, మళ్లీ ఉబ్బి ఇత్తడి గట్టిపడింది. గట్టిపడ్డ లోహానికి స్ప్రింగ్‌బ్యాక్ ఎక్కువ. ఎంత నొక్కినా తిరగబడుతుంది. మెడను, భుజాన్ని వేడిచేసి ఎనీలింగ్ చేస్తేనే దారికొస్తుంది. అడుగుభాగానికి మాత్రం ఆ వేడి తగలకూడదు, ఒత్తిడిని తట్టుకోవాలంటే అది గట్టిగానే ఉండాలి.

ఇత్తడిలో మిగిలిపోయిన ఒత్తిడి ఎంత పని చేస్తుందో బ్రిటిష్ సైన్యం మన దేశంలోనే చూసింది. వర్షాకాలంలో గుర్రపుశాలల దగ్గర దాచిన తూటాల కేసులు వాటంతటవే పగిలిపోయేవి. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా, ఇత్తడి లోపలి ఒత్తిడి కలిసి చేసిన పని అని 1921లో గానీ తేలలేదు. మీ మెటలర్జీ పుస్తకంలో ‘సీజన్ క్రాకింగ్’ అని రెండు లైన్లలో ఉండేది ఇదే. 70 శాతం రాగి, 30 శాతం జింక్ కలిసిన మిశ్రమాన్ని ఇప్పటికీ కార్ట్రిడ్జ్ బ్రాస్ అనే పిలుస్తారు.

ఇదంతా ఏ ఉద్యోగానికి? స్టీలు గిన్నె, కారు డోర్ ప్యానెల్.. షీట్‌ను డైలో నొక్కే ప్రతిచోటా స్ప్రింగ్‌బ్యాక్‌తో తిప్పలే. 2021 అక్టోబరులో ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ బోర్డు ఏడు కంపెనీలుగా విడిపోయాక మందుగుండు తయారీ మునిషన్స్ ఇండియా లిమిటెడ్ చేతికి వెళ్లింది. మహారాష్ట్రలోని వరణ్‌గావ్‌ ఫ్యాక్టరీలో చిన్న ఆయుధాల తూటాలు తయారవుతాయి. డై తయారీనే చదువుగా ఎంచుకోవాలంటే హైదరాబాద్ బాలానగర్‌లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ 1968 నుంచి ఉంది. పదో తరగతి తర్వాత టూల్, డై అండ్ మౌల్డ్ మేకింగ్ డిప్లొమాలో చేరొచ్చు. ఐటీఐలో టూల్ అండ్ డై మేకర్ ట్రేడ్ ఎలాగూ ఉంది.

ఈలోగా ఇంట్లో ఒక ప్రయోగం చేయండి. తొడుగు తీసేసిన మందపాటి రాగి తీగను అటూ ఇటూ నాలుగైదు సార్లు వంచండి. ప్రతిసారీ మొండికేయడం చేతికి తెలుస్తుంది. తర్వాత పట్టకారుతో పట్టుకుని స్టవ్ మంట మీద ఎర్రబడేదాకా కాల్చి, నీళ్లలో ముంచి, మళ్లీ వంచి చూడండి.