ప్రింటర్‌కి ఏ రోగమూ లేదు

ప్రాజెక్ట్ రిపోర్టు బైండింగ్‌కి ఇవ్వాల్సిన ముందు రోజు సాయంత్రం. మా ల్యాబ్‌లో ఒక్కటి తప్ప అన్ని సిస్టమ్స్‌కీ ఆ వారమే కొత్త ఓఎస్ వేశారు. డెబ్భై పేజీల ఫైల్ తెరిచి ప్రింట్ నొక్కాను. ప్రింటర్‌కి కనెక్ట్ కాలేకపోయామని మెసేజ్. మళ్లీ నొక్కాను, మళ్లీ అదే. "అన్నా, ప్రింటర్ పోయిందన్నా" అని పక్కనున్న జూనియర్ తేల్చేశాడు. ఇంకొకడు దాని నెత్తిన రెండు దెబ్బలు కూడా వేశాడు. అత్త మీద కోపం దుత్త మీద చూపించడమంటే ఇదే!

నిజానికి ప్రింటర్ మెనూలోంచి టెస్ట్ పేజీ తీస్తే చక్కగా వచ్చింది. మరి తేడా ఎక్కడుంది?

మనం ప్రింట్ నొక్కాక ముగ్గురు పని చేస్తారు. డ్రైవర్ మన పేజీని ప్రింటర్‌కి అర్థమయ్యే భాషలోకి మారుస్తుంది. స్పూలర్ వచ్చిన పనులన్నిటినీ రేషన్ షాపు క్యూలాగా వరుసలో నిలబెడుతుంది. ప్రొటోకాల్ అంటే వాటిని నెట్‌వర్క్ మీద మోసుకెళ్లే పద్ధతి. ఓఎస్ మారితే ఈ మూడూ మారొచ్చు. ప్రింటర్ మాత్రం కొన్ననాటి ఫర్మ్‌వేర్‌తో అలాగే కూర్చుని ఉంటుంది. ఇద్దరికీ మాట కలవదు.

అసలెందుకు మారుస్తారు? ఎక్కువసార్లు కారణం భద్రతే. 2017 మే నెలలో వాన్నాక్రై అనే వైరస్ ప్రపంచమంతా పాకింది. అది వాడుకున్నది ఫైళ్లు, ప్రింటర్లు పంచుకునే ఎస్‌ఎంబీ ప్రొటోకాల్ మొదటి వెర్షన్‌లోని లోపాన్ని. అదే ఏడాది చివర్లో వచ్చిన విండోస్ 10 వెర్షన్ నుంచి, కొత్తగా ఇన్‌స్టాల్ చేసేవాళ్లకి ఆ పాత వెర్షన్ ఇవ్వడం చాలావరకు ఆపేశారు. ఆ ఒక్క భాషే తెలిసిన పాత ఆఫీసు మెషీన్లు స్కాన్ చేసిన కాగితాన్ని కంప్యూటర్ ఫోల్డర్‌లోకి పంపలేకపోయాయి.

2021లో ప్రింట్‌నైట్‌మేర్ బయటపడింది. విండోస్ స్పూలర్ అత్యున్నత అధికారాలతో నడుస్తుంది. డ్రైవర్ పేరుతో దానిచేత ఏదైనా వేయించగలిగితే మొత్తం సిస్టమ్ చేజిక్కినట్టే. అందుకే ఆ ఆగస్టు నుంచి నెట్‌వర్క్ ప్రింటర్ డ్రైవర్ వేయాలంటే అడ్మిన్ అనుమతి తప్పనిసరైంది. సెప్టెంబర్‌లో షేర్డ్ ప్రింటర్లకి గుర్తింపు తనిఖీ కూడా గట్టిపడింది. ఒకవైపు అప్‌డేట్ అయిన సిస్టమ్, రెండోవైపు పాతది ఉన్న చోట్ల ప్రింటింగ్ ఆగిపోయింది.

ఇక మా కథకొస్తే, మా ప్రింటర్ షేర్ అయి ఉన్నది ఆ మిగిలిపోయిన పాత సిస్టమ్ మీదుగానే. కొత్తవి దాన్ని నమ్మడం లేదు. నెట్‌లో వెతికితే ఒక్క లైన్ పరిష్కారం దొరికింది: ఆ తనిఖీనే ఆపేయమని. నాకు కావాల్సింది డెబ్భై పేజీలు, చెయ్యి కీబోర్డ్ మీదే ఉంది. ల్యాబ్ సార్ చూసి, "ఆగరా! రిపోర్టు నీది, నెట్‌వర్క్ అందరిదీ" అన్నారు. మార్కులు ఎక్కించే సిస్టమ్స్ కూడా అదే నెట్‌వర్క్‌లో ఉన్నాయి మరి. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకుంటామా?

ప్రింటర్ వెనక చూస్తే దానికే సొంతంగా ల్యాన్ పోర్ట్ ఉంది. కేబుల్ పెట్టి, కాన్ఫిగరేషన్ పేజీ ప్రింట్ తీస్తే ఐపీ అడ్రస్ దొరికింది. సార్ అడ్మిన్ పాస్‌వర్డ్ కొట్టి, తయారీదారు సైట్ నుంచి కొత్త డ్రైవర్ దించి, ఆ అడ్రస్‌తోనే 9100 పోర్ట్ మీద ప్రింటర్‌ని నేరుగా యాడ్ చేశారు. మధ్యలో పాత సిస్టమ్‌తో పనే లేదు. మళ్లీ అడ్రస్ మారిపోకుండా రౌటర్‌లో దాన్ని స్థిరంగా కేటాయించారు కూడా.

మీకూ ఇలా జరిగితే వరుసగా మూడు చూడండి. ప్రింటర్ తనంతట తాను టెస్ట్ పేజీ ఇస్తోందా? దాని ఐపీ అడ్రస్‌కి పింగ్ వెళ్తోందా? ఈ రెండూ బాగుంటేనే డ్రైవర్‌నీ షేరింగ్‌నీ అనుమానించండి. ఏ తనిఖీనైనా ఆపేసే ముందు అది ఎందుకు పెట్టారో తెలుసుకోండి. అప్‌గ్రేడ్ ముందు ఒక్క సిస్టమ్‌లో చేసి, ప్రింట్ తీసి చూశాకే మిగతా వాటికి వెళ్లండి. సబ్మిషన్ వారంలో మాత్రం అసలు వద్దు.

రాత్రి ఎనిమిదికి మొదటి పేజీ బయటికొచ్చింది. "బాగుపడిందన్నా!" అన్నాడు జూనియర్.

"అది చెడిపోతేగా బాగుపడటానికి" అన్నాను, పేజీలు సర్దుకుంటూ.