'నేనెక్కడున్నాను?' - సినిమా మతిమరుపు, అసలు మతిమరుపు

కారు లోయలోకి దొర్లుతుంది. తెర మీద 'విశ్రాంతి' పడుతుంది. మనం సోడా తాగొచ్చి కూర్చునేసరికి హీరోగారు తలకి తెల్లటి కట్టుతో మంచం మీద ఉంటారు. మెల్లగా కళ్లు తెరుస్తారు. "నేనెక్కడున్నాను? నేనెవర్ని?" తల్లి గొల్లుమంటుంది. డాక్టరుగారు కళ్లద్దాలు తీసి నిట్టూరుస్తారు. కంగారు పడకండి! క్లైమాక్సులో విలన్ దుడ్డుకర్రతో అదే తల మీద ఇంకోటి వేస్తాడు. పోయిన జ్ఞాపకాలన్నీ ఒక్కసారిగా తిరిగొచ్చేస్తాయి. శుభం!

ఎన్నిసార్లు చూశాం! చూసినప్పుడల్లా ఈలలు కూడా వేశాం. మరి నిజంగా కారు ప్రమాదంలో తలకి దెబ్బ తగిలితే ఇలాగే జరుగుతుందా?

పేరు కాదు, ఆ రోజు పోతుంది!

తన పేరునీ, కన్నతల్లి మొహాన్నీ మర్చిపోయేవాళ్లు నిజానికి చాలా అరుదు. మామూలుగా పోయేది ప్రమాదం జరిగిన ఆ క్షణం, దానికి ముందు కొన్ని గంటలో రోజులో, తర్వాత మరికొంత కాలం.

కారు ఠక్కున ఆగినా పుర్రె లోపలున్న మెత్తటి మెదడు ఆగదు. ఎముకకి కొట్టుకుంటుంది. సన్నటి నరాల పోగులు సాగి దెబ్బతింటాయి. ఒక్కోసారి ఇవి స్కానింగులో కూడా కనబడవు. కొత్త జ్ఞాపకాలని భద్రం చేసే హిప్పోక్యాంపస్ అనే భాగం సరిగా పని చెయ్యకపోతే, కళ్లు తెరిచి కబుర్లు చెబుతున్న మనిషికి కూడా ఏదీ నిలవదు. ఇప్పుడే అమ్మ చేతి ముద్ద తిన్న కుర్రాడే "అమ్మ ఇంకా రాలేదేం?" అంటాడు. ఈ పరిస్థితి ఒక రోజు దాటిందంటే దెబ్బ తీవ్రమైనదని డాక్టర్ల లెక్క.

తర్వాత సాధారణంగా పాత సంగతులు ముందు, కొత్తవి ఆనక గుర్తుకొస్తాయి. ఢీకొన్న క్షణం మాత్రం చాలామందికి ఎప్పటికీ రాదు. ఎందుకంటే అది మెదడులో అచ్చు పడనే లేదు. రీలు తిరగని షాటుని ఏ ఎడిటరు మాత్రం ఎక్కణ్ణుంచి తెస్తాడు?

రెండో దెబ్బ లేదు, ఏళ్ల తపస్సుంది

'ఆషికీ' (1990) హీరోయిన్ అనూ అగర్వాల్ గుర్తుందా? మణిరత్నం 'దొంగ దొంగ' (1993)లో మనవాళ్లూ చూశారు. 1999లో ముంబయిలో ఆవిడ కారు ప్రమాదానికి గురైంది. 29 రోజులు కోమాలో ఉంది. లేచాక జ్ఞాపకాలు లేవు, ఒళ్లు స్వాధీనంలో లేదు. ఆవిణ్ణి నిలబెట్టింది ఏ దుడ్డుకర్రా కాదు. ఏళ్ల తరబడి ఓర్పు, యోగసాధన. 2015లో తన కథని తనే పుస్తకంగా రాసింది.

నిజంగా రెండో దెబ్బే తగిలితే? జ్ఞాపకాలు రావు సరికదా, అప్పటికే దెబ్బతిన్న మెదడుకి ప్రాణం మీదికి రావచ్చు.

గుర్తున్నవాళ్ల బాధ

బాలూ మహేంద్ర 'వసంత కోకిల' (1982)లో కారు ప్రమాదం తర్వాత శ్రీదేవి చంటిపిల్లయిపోతుంది. తర్వాత నాటు వైద్యంతో ఒక్క రోజులో మామూలు మనిషవుతుంది. వైద్యశాస్త్రం ఒప్పుకోని కథే. కానీ చివర్లో రైల్వే స్టేషన్లో ఆమె గుర్తుపట్టక, కమల్ హాసన్ కోతిలా గంతులేస్తాడే... అక్కడ మాత్రం పచ్చి నిజం ఉంది. మర్చిపోయిన మనిషి కంటే, గుర్తున్న మనిషికే ఎక్కువ కోత!

నిజ జీవితంలో ఆ కమల్ హాసన్ ఇంట్లోవాళ్లే. నెమ్మదస్తుడు అయినదానికీ కానిదానికీ కసురుతాడు. చెప్పిన పని పొయ్యి దగ్గరికి వెళ్లేలోపు మర్చిపోతాడు. "బతికొచ్చాడు గానీ, వెనకటి మనిషి కాడు" అని తల్లి చాటుగా ఏడుస్తుంది. అది పొగరు కాదు, దెబ్బ. "గుర్తు తెచ్చుకో!" అని గద్దిస్తే లాభం లేదు. జేబులో చిన్న నోటుబుక్కు, గోడ మీద క్యాలెండరు, రోజూ ఒకే వేళకి అవే పనులు, ఒక్కసారికి ఒక్క మాట... ఇవే మందులు.

ఇంకో మాట. కింద పడి లేచి "నాకేం కాలేదు" అన్నంత మాత్రాన వదిలెయ్యకండి. కొన్ని గంటల తర్వాత వాంతులైనా, తలనొప్పి పెరుగుతున్నా, మత్తుగా ఉన్నా, అడిగిందే అడుగుతున్నా లోపల రక్తం గడ్డ కడుతోందేమో! తక్షణం ఆస్పత్రికి తీసుకెళ్లండి. స్పృహలో లేనివాడి నోట్లో నీళ్లు పొయ్యకండి. మెడ పట్టి లాగకండి. 108కి ఫోను చెయ్యండి.

సెకండ్ షో వదిలాక హీరోలా బండి లేపాలని అందరికీ ఉంటుంది. హీరోకి డూపుంటాడు, రెండో టేకుంటుంది. మనకి లేవు. కారైతే బెల్టు, బండైతే హెల్మెట్. హెల్మెట్ క్లిప్పు 'టిక్కు'మన్నాకే స్టార్ట్ చెయ్యండి. ఇవాళ చూసిన సినిమా రేపు మీకు గుర్తుండాలి కదా!