అమ్మ వంటల పుస్తకానికి ఏ సాఫ్ట్‌వేర్ మేలు?



మన ఇళ్లలోని వంటలు చాలావరకు ఏ కాగితం మీదా లేవు. అవి అమ్మ చేతిలోను, అత్తయ్య నోటిలోను వున్నాయి. గోంగూర పచ్చడికి ఉప్పు ఎంత అని అడిగితే “తగినంత” అంటారు. చేపల పులుసు ఎప్పుడు దించాలి అంటే “వాసనే చెబుతుందిలే” అంటారు. ఆ చేతులు ఆగిపోయిన నాడు ఆ రుచి కూడా ఇల్లు విడిచి వెళ్తుంది. గనుక అనేక కుటుంబాలవారు తమ ఇంటి వంటలను ఒక చిన్న పుస్తకంగా కూర్చుకోవాలని ఆశపడుతున్నారు. “కంప్యూటరు మాకు కొత్త. ఏ సాఫ్ట్‌వేర్‌తో మొదలుపెట్టాలి?” అని మమ్మల్ని అడుగుతున్నారు. కరపత్రాలు, పత్రిక పేజీలు కూర్చే పనిలో మేము తెలుసుకున్న సంగతులు ఇక్కడ వ్రాస్తున్నాము.

అన్నిటికంటె ముందు ఒక మాట. పేజీని అందంగా చూపే సాఫ్ట్‌వేర్లు చాలా వున్నాయి. అయితే మీరు అడగవలసిన ప్రశ్నలు రెండే. అది తెలుగు అక్షరాన్ని చెడకుండా వుంచుతుందా? పదేళ్ల తరువాత మీ పిల్లలు ఆ ఫైలు తెరిచి ఇంకొక వంట చేర్చుకోగలరా?

అక్షరం సంగతి

మన పట్టణాల డీటీపీ సెంటర్లలో ఎంతోకాలం పేజ్‌మేకర్‌లోనే తెలుగు పుస్తకాలు కూర్చారు. ఆ సాఫ్ట్‌వేర్ 1985లో పుట్టింది. దాని చివరి కూర్పు 7.0 వచ్చింది 2001లో. దానిలో అను వంటి పాత ఫాంట్లతో టైపు చేస్తే మన కంటికి తెలుగే కనిపిస్తుంది. కాని కంప్యూటరు లోపల దాచుకొనేది ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులే. వాటి మీద తెలుగు ముక్కల బొమ్మలు వేసినట్లు వుంటుంది. ఆ ఫాంటు లేని మరొక కంప్యూటరులో తెరిస్తే “జీలకర్ర” అన్న మాట అర్థంకాని గీతల వరుసగా మారిపోతుంది. దానిని మార్చే సాధనాలు వున్నా, మార్చిన తరువాత ప్రతి పంక్తి మరల ప్రూఫు దిద్దుకోవాలి.

యూనికోడ్ పద్ధతిలో ఈ చిక్కు లేదు. 1991లో వెలువడిన దాని మొదటి కూర్పులోనే తెలుగు వుంది. ప్రతి తెలుగు అక్షరానికి అందులో స్వంత సంఖ్య వుంటుంది. మీ ఫోనులో వ్రాసే తెలుగు యూనికోడే. కాబట్టి డీటీపీ సెంటరుకు పని అప్పగించినా, “యూనికోడ్‌లో టైపు చేసి ఆ ఫైలు కూడా మాకు ఇవ్వండి” అని ముందే అడగండి.

మొదట మాటలు, తరువాత పేజీలు

క్రొత్తవారు చాలామంది మొదటి రోజే కవరు బొమ్మతో కూర్చుంటారు. నెల గడిచినా ఒక్క వంట కూడా వ్రాసి వుండరు. ముందు వంటలు పోగుచేయండి. గూగుల్ వారి జీబోర్డులో తెలుగు మాట వింటూ అక్షరాలుగా వ్రాసే సదుపాయం వుంది. అమ్మ పొయ్యి దగ్గర చెబుతుంటే ఫోను వ్రాసుకుంటుంది. తప్పులు తరువాత దిద్దుకోవచ్చు. గూగుల్ డాక్స్‌లో వుంచితే హైదరాబాదులోని అక్కయ్య, అమెరికాలోని తమ్ముడు కూడా అదే కాగితంలో తమకు గుర్తున్నది చేర్చవచ్చు. దీనికి ఖర్చు లేదు.

సోల, గిద్ద, పిడికెడు అన్న మాటలు తీసివేయకండి. అవి ఆ ఇంటి మాటలు. అయితే అమ్మ సోలతోనే బియ్యం ఒకసారి తూచి, గ్రాములు ప్రక్కన వ్రాయండి. రేపు ఆ సోల ఎవరి దగ్గర వుంటుందో తెలియదు. “1/2” అని గీత పెట్టే బదులు “అర” అని వ్రాస్తే ప్రింటులో పొరపాటుకు చోటుండదు.

ఏది ఎవరికి?

లిబ్రే ఆఫీస్ రైటర్: క్రొత్తవారికి మేము మొదట చెప్పేది ఇదే. ఉచితం. విండోస్‌లోను, లినక్స్‌లోను, మ్యాక్‌లోను పనిచేస్తుంది. వంట పేరుకు హెడ్డింగ్ స్టైల్ ఇస్తే విషయసూచికను అదే తయారుచేస్తుంది. మధ్యలో ఒక వంట చేర్చితే సూచికను ఒకసారి అప్‌డేట్ చేస్తే చాలు, పేజీ సంఖ్యలు సరిపడతాయి. ఆ స్టైల్‌లోనే “క్రొత్త పేజీలో మొదలు” అని నిర్ణయించవచ్చు. ఇంట్లో మైక్రోసాఫ్ట్ వర్డ్ ఇప్పటికే వుంటే ఇవన్నీ దానిలోను చేయవచ్చు.

కాన్వా: కవరుకు, బొమ్మల పేజీకి చక్కగా వుంటుంది. ఫోనులో కూడా చేయవచ్చు. అయితే ఇక్కడ ప్రతి పేజీ విడిగా అమర్చుకొనే బల్ల వంటిది. నూరు పేజీల పుస్తకంలో మధ్య ఒక వంట పెరిగితే తరువాతివి చేతితో సర్దుకోవాలి.

స్క్రైబస్: పుస్తకాలు, పత్రికలు కూర్చడానికే చేసిన ఉచిత సాఫ్ట్‌వేర్. దీని పాత కూర్పులలో తెలుగు ఒత్తులు సరిగా కూర్చుకొనేవి కావు. 2024లో వచ్చిన 1.6 గాని, తరువాతిది గాని తీసుకోండి. నేర్చుకోవడానికి కొన్ని వారాల ఓపిక కావాలి.

ఇన్‌డిజైన్: ప్రెస్సులవారు వాడేది. చందా కడుతూ వుండాలి. తెలుగుకు దానిలో వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకోకపోతే ఒత్తులు విడిపోతాయి. ఒక్క ఇంటి పుస్తకం కోసం ఇంత భారం ఎత్తుకోనక్కరలేదని మా అభిప్రాయం.

ఒక పరీక్ష పేజీ

ఏది ఎంచుకొన్నా, ముందు ఒక్క పేజీలో “దాల్చినచెక్క, పచ్చిమిర్చి, ఉప్పు, నెయ్యి, స్త్రీ, రాష్ట్రం” అని వ్రాసి పీడీఎఫ్ చేయండి. దానిని మరొకరి ఫోనులో తెరవండి, కాగితం మీద ప్రింటు తీయండి. ఒత్తులు తమ చోట వుంటే ఆ సాఫ్ట్‌వేర్ మీకు పనికివస్తుంది. మన అక్షరాలకు పైన గుడి, క్రింద ఒత్తు వుంటాయి గనుక పంక్తుల మధ్య చోటు ఎక్కువ కావాలి. 12 పాయింట్ల అక్షరానికి 18 పాయింట్ల ఎడం ఇచ్చి చూడండి. మండలి, సురవరం, రామభద్ర, నోటో సాన్స్ తెలుగు ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. పాఠానికి మండలి, వంట పేరుకు రామభద్ర చాలు. పేజీకి నాలుగైదు ఫాంట్లు పెడితే పుస్తకం పెండ్లి పందిరిలా వుంటుంది, చదవడానికి వీలుండదు.

ప్రెస్సుకు ఇచ్చే ముందు

పేజీ కొలత మొదటే నిర్ణయించండి. ఏ5, అనగా 148 మి.మీ. వెడల్పు, 210 మి.మీ. పొడవు, వంటగదికి అనుకూలం. ఒక వంట ఒకే పేజీలో గాని, ఎదురెదురు రెండు పేజీలలో గాని ముగియాలి. పిండి చేతులతో పేజీ త్రిప్పడం కష్టం. స్పైరల్ బైండింగు అయితే పుస్తకం బల్ల మీద పరచుకొని వుంటుంది. మధ్యలో పిన్నులు కొట్టే పుస్తకమైతే పేజీలు నాలుగు చొప్పున లెక్కకు రావాలి. ఫోటోలు వాట్సాప్‌లో మామూలుగా పంపితే చిన్నవైపోతాయి, డాక్యుమెంటుగా పంపించుకోండి. పూర్తి ఏ5 పేజీ ఫోటో స్పష్టంగా రావాలంటే సుమారు 1748 చుక్కల వెడల్పు, 2480 చుక్కల పొడవు వుండాలి. బొమ్మ కాగితం అంచువరకు రావాలంటే నాలుగు వైపులా 3 మి.మీ. అదనంగా వదలండి.

పని ముగిసిన తరువాత పీడీఎఫ్‌తోపాటు దిద్దుకొనే అసలు ఫైలును, ఫాంట్లను ఒకే ఫోల్డరులో పెట్టి ఇంట్లో ఇద్దరి దగ్గర వుంచండి. పీడీఎఫ్ ఒక్కటే మిగిలితే రేపటి కోడలు తన వంట చేర్చడం కష్టం.

చివరగా ఒక మనవి. నూరు వంటలు సమకూరేవరకు ఆగకండి. పది వంటలతో మొదలుపెట్టండి. పెద్ద అక్షరాలతో ఒక్క ప్రతి ప్రింటు తీసి మొదట అమ్మ చేతికే ఇవ్వండి. “ఇందులో ఇంగువ మరిచారు” అని చెప్పగలిగినది ఆమె ఒక్కరే. సాఫ్ట్‌వేర్ వచ్చే ఏడు ఇంకా మంచిది రావచ్చు. అమ్మను అడిగే అవకాశం మాత్రం ఈ వారమే వాడుకోండి.