చర నక్షత్రాల పరిశీలన: ఆర్ద్ర నేర్పే పాఠం

లక్ష్యాలు

ఈ భాగం చదివిన తర్వాత మీరు ఒక చర నక్షత్రం కాంతిని పరికరం లేకుండా అంచనా వేయగలుగుతారు. కాంతి మార్పుకు కారణం తెలుసుకోవడానికి వర్ణపటం ఎందుకు అవసరమో ఉదాహరణతో వివరించగలుగుతారు.

1. పరిచయం

కాలంతోపాటు కాంతి మారే నక్షత్రాలను చర నక్షత్రాలు అంటాం. తెలుగు నేలపై వీటి పరిశీలన కొత్త కాదు. హైదరాబాదులోని నిజామియా వేధశాలలో టి.పి. భాస్కరన్ సంచాలకులుగా ఉన్న కాలంలో 15 అంగుళాల దూరదర్శినితో వీటిని పరిశీలించారు. 1968లో ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆధ్వర్యంలో జపాల్-రంగాపూర్ వేధశాల 48 అంగుళాల దూరదర్శినితో ఏర్పడింది.

చర్ల, దుమ్ముగూడెం వంటి అటవీ మండలాల్లో ఉండే విద్యార్థికి వేధశాల దగ్గరలో లేదు. కానీ నగరంలో దొరకని చీకటి ఆకాశం ఉంది. ఆ ఆకాశంతో ఎంతవరకు చెప్పవచ్చో, ఎక్కడ ఆగాలో ఈ భాగంలో చూద్దాం.

2. కంటితో అంచనా

నక్షత్ర కాంతిని 'కాంతి పరిమాణం' అనే సంఖ్యతో చెబుతాం. సంఖ్య తగ్గితే కాంతి ఎక్కువ అని గుర్తుంచుకోండి. ఒక పరిమాణం తేడా అంటే కాంతిలో సుమారు 2.5 రెట్ల తేడా.

ఫిబ్రవరి మధ్యలో రాత్రి 8 గంటలకు భద్రాచలంలో ఓరియన్ రాశి దాదాపు నడినెత్తిన ఉంటుంది. వరుసగా ఉన్న మూడు చుక్కలకు ఉత్తరాన ఎర్రగా కనిపించేది ఆర్ద్ర. దాని పడమట ఉన్నది బెలాట్రిక్స్ (1.6). ఇంకా పడమటకు వెళితే రోహిణి (0.9), తూర్పున ప్రోసియాన్ (0.4) కనిపిస్తాయి. ఇవి మన పోలిక నక్షత్రాలు.

ఉదాహరణ: ఆర్ద్ర ప్రోసియాన్ కంటే మసకగా, రోహిణి కంటే ప్రకాశంగా ఉందనుకోండి. ఆ రెండింటి మధ్య తేడా 0.5. దాన్ని ఐదు మెట్లుగా ఊహించండి. ఆర్ద్ర ప్రోసియాన్‌కు రెండు మెట్ల కింద ఉందనిపిస్తే దాని పరిమాణం 0.4 + 0.2 = 0.6.

జాగ్రత్తలు:
(అ) ఎర్రని నక్షత్రాన్ని తదేకంగా చూస్తే అది ఉన్నదానికంటే ప్రకాశంగా తోస్తుంది. చూపు తిప్పుతూ పోల్చండి.
(ఆ) దిగంతం దగ్గర వాతావరణం కాంతిని ఎక్కువగా తగ్గిస్తుంది. ఇంచుమించు ఒకే ఎత్తులో ఉన్న నక్షత్రాలనే పోల్చండి.
(ఇ) ఇప్పపూల కాలంలో చెట్ల కింద ఆకులు కాల్చిన పొగ, శీతాకాలంలో గోదావరి మీది మంచు, పాల్వంచ విద్యుత్ కేంద్రం దీపాల వెలుగు అంచనాను చెడగొడతాయి. ఆకాశ స్థితిని తప్పక నమోదు చేయండి.
(ఈ) నిన్నటి అంకె చూసి నేటి అంకె వేయకండి. తేదీ, సమయం, పోలిక నక్షత్రాలు, అంచనా రాశాకే పాత పుట తిప్పండి.

3. ఆర్ద్ర మసకబారినప్పుడు

సాధారణంగా 0.5 దగ్గర ఉండే ఆర్ద్ర 2019 చివర మసకబారడం మొదలై, 2020 ఫిబ్రవరిలో సుమారు 1.6కు పడిపోయింది. అంటే దాని కాంతి మూడో వంతుకు కాస్త ఎక్కువ మాత్రమే మిగిలింది. ఏ పరికరమూ లేనివారు కూడా అది బెలాట్రిక్స్‌తో సమానమైందని గుర్తించగలిగారు. అది త్వరలో సూపర్‌నోవాగా పేలుతుందన్న ఊహాగానాలూ వచ్చాయి.

మసకబారిందన్నది పరిశీలన. పేలుతుందన్నది ఊహ. ఈ రెండింటి మధ్య ఖాళీని కాంతి పరిమాణం ఒక్కటే పూడ్చలేదు. ఉపరితలం చల్లబడినా కాంతి తగ్గుతుంది, ముందు ధూళి అడ్డుపడినా తగ్గుతుంది. కంటికి రెండూ ఒకటే.

4. వర్ణపటం చెప్పినది

ఆర్ద్ర వంటి చల్లని నక్షత్రాల వర్ణపటంలో టైటానియం ఆక్సైడ్ అణువుల శోషణ పట్టీలు ఉంటాయి. ఉపరితలం చల్లబడేకొద్దీ ఆ పట్టీలు గాఢమవుతాయి. 2020 ఫిబ్రవరిలో ఎమిలీ లెవెక్, ఫిలిప్ మాసీ తీసిన వర్ణపటం ప్రకారం ఉష్ణోగ్రత సుమారు 3600 కెల్విన్. 2004లో అది 3650. ఇంత చిన్న తేడా అంతటి మసకకు చాలదు. కాబట్టి ధూళి అడ్డుపడి ఉండాలని వారు భావించారు. చిలీలోని పెద్ద దూరదర్శిని చిత్రాలను విశ్లేషించి 2021లో వెలువరించిన ఫలితం దీన్ని మరింత స్పష్టం చేసింది. నక్షత్రం వెలువరించిన వాయువు, ఉపరితలంలో ఒక భాగం చల్లబడినప్పుడు ధూళిగా మారి వెలుగును అడ్డుకుంది.

మరో రెండు నక్షత్రాలను పోల్చండి. అల్గాల్ సుమారు 2.87 రోజులకొకసారి మసకబారుతుంది. 1889లో వోగెల్ దాని వర్ణపట రేఖలు అటూ ఇటూ జరగడం గమనించి, దానికి జంట నక్షత్రం ఉందని, కాంతి తగ్గేది గ్రహణం వల్లనేనని నిరూపించాడు. డెల్టా సెఫీ ఆవర్తన కాలం సుమారు 5.37 రోజులు. దీని రేఖలూ జరుగుతాయి కాబట్టి మొదట దీన్నీ జంట నక్షత్రమే అనుకున్నారు. కానీ కాంతితోపాటు వర్ణపట తరగతి, అంటే ఉష్ణోగ్రత కూడా మారుతుంది. ఆ నక్షత్రమే వ్యాకోచించి సంకోచిస్తున్నదని 1914లో షాప్లీ వాదించాడు. ఆ వాదనే నిలిచింది.

5. సారాంశం

నక్షత్రం మారిందని కాంతి చెబుతుంది. ఎందుకు మారిందో వర్ణపటం చెబుతుంది. మొదటి పని మీ పెరట్లో నుంచే చేయవచ్చు. అయితే నోటుపుస్తకంలో చూసినదే రాయండి, కారణం రాయకండి. ఏ రాత్రి ఎంత కాంతి ఉందో నిజాయితీగా రాసిన అంకె, కారణం తెలిసిన తర్వాత కూడా పనికొస్తుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. ఆర్ద్ర రోహిణి, బెలాట్రిక్స్‌ల మధ్య ఉండి, రోహిణి కంటే మూడు మెట్లు మసకగా తోచింది. ఆ రెండింటి మధ్య తేడాను ఏడు మెట్లుగా తీసుకుంటే ఆర్ద్ర పరిమాణం ఎంత?
2. అల్గాల్, డెల్టా సెఫీల కాంతి మార్పులకు కారణాలు వేర్వేరని వర్ణపటం ద్వారా ఎలా తెలిసింది?

(మొదటి ప్రశ్నకు జవాబు: 1.2)