కోట్లు సంపాదించే బాస్.. రైలు టికెట్ ఎగ్గొట్టాడు! జనానికి అంత కోపం ఎందుకొచ్చింది?

అది 2013 నవంబర్. లండన్‌లోని క్యానన్ స్ట్రీట్ స్టేషన్. గేటు దగ్గర టికెట్ ఇన్‌స్పెక్టర్ ఒక ప్రయాణికుడిని ఆపారు. ఆయన చేతిలో ఓయిస్టర్ కార్డు ఉంది. అంటే మన మెట్రో స్మార్ట్ కార్డు లాంటిదే. కానీ రైలెక్కిన స్టేషన్ నుంచి టికెట్ మాత్రం లేదు. ఇలాంటివాళ్లు ఆ స్టేషన్‌లో రోజూ దొరుకుతూనే ఉంటారు. కాకపోతే ఈసారి దొరికింది ప్రపంచంలోనే అతిపెద్ద పెట్టుబడుల సంస్థ బ్లాక్‌రాక్‌లో మేనేజింగ్ డైరెక్టర్!

ఆ తర్వాత ఏడాది బ్రిటన్‌లో పేపర్లు, టీవీలు ఈ కేసునే పట్టుకుని తిప్పాయి. పదేళ్లు దాటినా టికెట్ ఎగవేత గురించి చర్చ వచ్చిన ప్రతిసారీ ఈయన కథే ముందుకొస్తోంది. ఇంతకీ జనానికి కోపం తెప్పించింది ఏంటి? ఎగ్గొట్టిన డబ్బా? లేక ఇంకేదైనా ఉందా?

అసలు ఎలా చేశారు?

ఆయన రైలెక్కేది ఈస్ట్ ససెక్స్‌లోని స్టోన్‌గేట్ అనే పల్లెటూరి స్టేషన్‌లో. అక్కడ గేట్లు లేవు. నేరుగా ప్లాట్‌ఫాం మీదికి వెళ్లి రైలెక్కేయొచ్చు. మన హైదరాబాద్ ఎంఎంటీఎస్ స్టేషన్లను గుర్తు తెచ్చుకోండి, సరిగ్గా అలాగే. ప్రయాణికుడు టికెట్ కొంటాడన్న నమ్మకం మీదే అంతా నడుస్తుంది.

అక్కడి నుంచి లండన్‌కు సింగిల్ టికెట్ అప్పట్లో 21.50 పౌండ్లు. అప్పటి లెక్కలో మన 2,100 రూపాయల పైమాటే. ఈయన ఆ టికెట్ కొనలేదు. లండన్‌లో దిగాక గేటు దగ్గర ఓయిస్టర్ కార్డు మాత్రం ట్యాప్ చేసేవారు. ఎక్కడ ఎక్కాడన్న రికార్డు కార్డులో ఉండదు కాబట్టి, మిషన్ దాన్ని "ఎక్కేటప్పుడు ట్యాప్ చేయడం మర్చిపోయిన లండన్ ప్రయాణికుడు" అనుకుని గరిష్ఠ ఛార్జీ 7.20 పౌండ్లు కట్ చేసేది. చూసేవాళ్లకు గేటు తెరుచుకుంది, డబ్బులూ కట్ అయ్యాయి, అంతా సక్రమంగానే ఉంది. మిగిలిన 14 పౌండ్ల పైచిలుకు సారుకి మిగులు.

ఒకరోజు కక్కుర్తి పడితే అది వేరే విషయం. కానీ రైలు కంపెనీ లెక్క ప్రకారం ఈ తంతు దాదాపు ఐదేళ్ల పాటు సాగింది. దొరికాక ఆయన 42,550 పౌండ్ల బకాయి, దానికి తోడు 450 పౌండ్ల లీగల్ ఖర్చులు కట్టేశారు. మొత్తం 43,000 పౌండ్లు, అంటే అప్పటి లెక్కలో సుమారు 43 లక్షల రూపాయలు. సెటిల్‌మెంట్ కోర్టు బయటే అయిపోయింది. కేసు లేదు, మేజిస్ట్రేట్ ముందు నిలబడే పని లేదు. మొదట్లో పేరు కూడా బయటకు రాలేదు.

జనానికి మండింది ఇక్కడే.

43 లక్షలు కట్టాడు కదా, ఇంకేం కావాలి?

ఇలా అడిగినవాళ్లు కూడా ఉన్నారు. బాకీ మొత్తం కట్టాడు, ఖర్చులూ ఇచ్చాడు, ఇంకా ఎందుకు వెంటపడతారు అన్నది వాళ్ల వాదన. అవతలి వాళ్ల ప్రశ్న ఒక్కటే. అంత డబ్బు ఒక్కసారిగా తీసి కట్టగలిగే స్థోమత ఎంతమందికి ఉంటుంది? కట్టలేని కుర్రాడు అదే పని చేస్తే ఏమయ్యేది?

ఏమయ్యేదో పదేళ్ల తర్వాత బయటపడింది. బ్రిటన్‌లో చిన్న నేరాలకు "సింగిల్ జస్టిస్ ప్రొసీజర్" అనే షార్ట్‌కట్ పద్ధతి ఒకటి ఉంది. నిందితుడు కోర్టుకు రానక్కర్లేదు. ఒకే ఒక్క మేజిస్ట్రేట్ కాగితాలు చూసి తీర్పు ఇచ్చేస్తారు. పలు రైలు కంపెనీలు టికెట్ కేసులను పెద్ద ఎత్తున ఈ దారిలో పంపించాయి. అయితే అందులో 1889 నాటి రైల్వే చట్టం కింద పెట్టిన కేసులకు ఈ పద్ధతి అసలు వర్తించదు! 2024 ఆగస్టులో ఇంగ్లండ్ చీఫ్ మేజిస్ట్రేట్ ఆ కేసులు చెల్లవని తేల్చారు. దాంతో సుమారు 74 వేల మందికి పడిన శిక్షలు రద్దయ్యే పరిస్థితి వచ్చింది. పెద్దాయనకేమో కోర్టు మెట్లెక్కకుండానే సెటిల్‌మెంట్, మామూలు జనానికేమో చట్టమే ఒప్పుకోని షార్ట్‌కట్‌లో శిక్ష.

అదే ఏడాది ఇంకో కేసు కూడా బాగా వైరల్ అయింది. అప్పుడే ఇంజినీరింగ్ పూర్తి చేసిన ఓ కుర్రాడు యువత కోసం ఇచ్చే రైల్‌కార్డు డిస్కౌంట్‌తో టికెట్ కొన్నాడు. అయితే ఆ కార్డుకు ఓ మెలిక ఉంది. పనిరోజుల్లో ఉదయం 10 గంటల లోపు కనీస ఛార్జీ 12 పౌండ్లు ఉండాలి. ఆ రూల్ పట్టించుకోకపోవడంతో ఛార్జీలో 1.90 పౌండ్ల తేడా వచ్చింది. మన డబ్బుల్లో సుమారు 200 రూపాయలు. ఈ మాత్రానికి కోర్టు కేసు పెడతామంటూ రైలు కంపెనీ నోటీసు పంపింది! విషయం మీడియాకెక్కి గోల అయ్యాక వెనక్కి తగ్గింది. ఆ తర్వాత ప్రభుత్వం మొత్తం వ్యవస్థపైనే రివ్యూ చేయమని రైల్ రెగ్యులేటర్‌ను కోరింది. రూల్స్ గందరగోళంగా ఉన్నాయని, ఒక్కో కంపెనీ ఒక్కోలా వ్యవహరిస్తోందని 2025 జూన్‌లో ఆ రివ్యూ చెప్పింది.

42,550 పౌండ్ల బకాయికి సెటిల్‌మెంట్ కుదిరింది, 1.90 పౌండ్లకు నోటీసు వెళ్లింది. రెండూ వేర్వేరు కంపెనీలు, వేర్వేరు సంవత్సరాలు, నిజమే. కానీ చదివిన జనం మాత్రం ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టే చూస్తారు.

ఉద్యోగం పోయింది.. శిక్ష ఎక్కువైందా?

కథ సెటిల్‌మెంట్‌తో ఆగలేదు. 2014 డిసెంబర్‌లో బ్రిటన్ ఫైనాన్షియల్ రెగ్యులేటర్ ఎఫ్‌సీఏ రంగంలోకి దిగింది. ఆర్థిక రంగంలో ఆయన ఇక పని చేయడానికి వీల్లేదంటూ నిషేధం విధించింది. జనం డబ్బు చూసుకునే స్థాయిలో ఉన్నవాళ్లకు నిజాయితీ ముఖ్యం, తప్పని తెలిసే చేశాడు కాబట్టి తగడు అన్నది ఎఫ్‌సీఏ మాట. అప్పటికే ఆయన బ్లాక్‌రాక్ నుంచి బయటకొచ్చేశారు. తప్పు ఒప్పుకుని క్షమాపణ చెబుతూనే, సెటిల్‌మెంట్ అంకె పెద్దగా ఉండటంతో తన తప్పు అసలుకన్నా పెద్దగా కనిపిస్తోందని వాదించారు.

ఇక్కడ జనం రెండుగా చీలిపోయారు. "బాగా అయింది" అన్నవాళ్లు ఎక్కువే. అయితే ఇంకో మాట కూడా గట్టిగా వినిపించింది. 2008లో బ్యాంకులు మునిగి జనం సొమ్ముతో వాటిని నిలబెట్టాల్సి వస్తే పెద్ద బాస్‌లు ఎంతమంది శిక్ష అనుభవించారు? రైలు టికెట్ ఎగ్గొట్టినవాడికేమో జీవితాంతం బ్యాన్! ఇది ఆయన మీద జాలితో అన్న మాట కాదు. టికెట్ మోసం అందరికీ అర్థమవుతుంది కాబట్టి దొరికాడు, అర్థం కాని మోసాలు చేసినవాళ్లు తప్పించుకున్నారు అన్నది వాళ్ల కంప్లయింట్. కాదనడం కష్టమే.

డబ్బున్నవాళ్లు ఎందుకిలా చేస్తారు?

డబ్బున్నవాళ్లే ఎక్కువ మోసం చేస్తారా? 2012లో అమెరికాలో వచ్చిన ఒక స్టడీ అలాగే చెప్పి బాగా పాపులర్ అయింది. కానీ తర్వాత చేసిన పరిశోధనల్లో ప్రతిసారీ అదే ఫలితం రాలేదు. కాబట్టి "రిచ్ అంటే చీటర్" అని తేల్చేయలేం.

ఇంకో వివరణ మాత్రం కాస్త గట్టిగా నిలుస్తుంది. 1992లో ఎకనామిక్స్ నోబెల్ అందుకున్న గ్యారీ బెకర్ తన నోబెల్ ప్రసంగంలోనే ఓ అనుభవం చెప్పారు. ఒక స్టూడెంట్‌కు ఓరల్ ఎగ్జామ్ పెట్టాలి, టైమ్ అయిపోతోంది. దూరంగా ఉన్న పార్కింగ్‌కు వెళ్లాలా, రోడ్డు మీదే రూల్‌కు విరుద్ధంగా కారు వదిలేయాలా? దొరికే అవకాశం ఎంత, దొరికితే ఫైన్ ఎంత అని లెక్కేసి రోడ్డు మీదే వదిలేశారట. నేరాన్ని కూడా మనిషి లాభనష్టాల లెక్కలోనే చూస్తాడన్న ఆలోచన అక్కడే మొదలైందని ఆయన చెప్పారు.

జరిమానా పెడితే ఈ లెక్క మారిపోతుందా? ఇజ్రాయెల్‌లోని హైఫా నగరంలో చిన్నపిల్లల డే కేర్ సెంటర్లలో చేసిన ప్రయోగం ఒకటుంది. సాయంత్రం పిల్లల్ని తీసుకెళ్లడానికి ఆలస్యంగా వచ్చే తల్లిదండ్రులకు చిన్న ఫైన్ పెట్టారు. ఆలస్యాలు తగ్గలేదు సరికదా, దాదాపు రెట్టింపయ్యాయి! అప్పటిదాకా "టీచరమ్మను ఎదురుచూసేలా చేస్తున్నాం" అని మొహమాటపడినవాళ్లు, ఫైన్ వచ్చాక "డబ్బులు కడుతున్నాంగా" అనుకున్నారు. 2000లో వచ్చిన ఈ స్టడీ సారాంశం, ఫైన్ కాస్తా రేటు అయిపోతుందని.

డబ్బున్న టికెట్ ఎగవేతదారుడికి ఫైన్ సరిగ్గా అలాంటిదే. ఇంగ్లండ్‌లో 2023 జనవరి నుంచి పెనాల్టీని 20 పౌండ్ల నుంచి 100 పౌండ్లకు పెంచారు. స్టూడెంట్‌కు అది వారం సరుకుల ఖర్చు. మేనేజింగ్ డైరెక్టర్‌కు ఒక డిన్నర్ బిల్లు.

ఫిన్లాండ్ దీనికి ఇంకో దారి పట్టింది. అక్కడ ఓవర్ స్పీడ్ లాంటి తప్పులకు ఆదాయాన్ని బట్టి ఫైన్ పడుతుంది. 2023లో 50 కిలోమీటర్ల జోన్‌లో 82తో వెళ్లిన ఆండెర్స్ విక్లోఫ్ అనే బిజినెస్‌మ్యాన్‌కు 1,21,000 యూరోలు వేశారు. కోటి రూపాయలు దాటింది!

మరి మన దగ్గర?

మన 1989 రైల్వే చట్టం సెక్షన్ 138 ప్రకారం టికెట్ లేకుండా దొరికితే ఛార్జీ కట్టాలి. దానిపైన మళ్లీ ఛార్జీకి సమానమైన మొత్తం లేదా 250 రూపాయలు, ఏది ఎక్కువైతే అది కట్టాలి. ఉన్నవాడు ఫోన్ తీసి స్కాన్ చేసి వెళ్లిపోతాడు. కట్టలేనివాడిని మేజిస్ట్రేట్ ముందుకు తీసుకెళ్తే, అక్కడా కట్టకపోతే 10 రోజుల నుంచి నెల దాకా జైలు వేయొచ్చని అదే సెక్షన్‌లో ఉంది. మోసం చేయాలనే ఉద్దేశంతోనే ఎక్కాడని తేలితే సెక్షన్ 137 కింద ఆరు నెలల దాకా జైలు లేదా వెయ్యి రూపాయల వరకు ఫైన్, లేదంటే రెండూ.

మన జనం తీరు కూడా బ్రిటన్ జనానికి పెద్ద తేడాగా ఏమీ లేదు. పని కోసం వలస వెళ్లే కూలీ జనరల్ బోగీలో దొరికితే పక్కనున్నవాళ్లే "పోనీలే సార్, వదిలేయండి" అంటారు. అదే ఏసీ బోగీలో టికెట్ లేకుండా కూర్చుని టీసీతో "నేనెవరో తెలుసా" అని దబాయించే వీడియో వస్తే, షేర్ చేసి మరీ తిడతారు. ఇద్దరూ చేసింది ఒకే తప్పు. రూల్ ప్రకారం కూలీని వదిలేయడం కూడా కరెక్ట్ కాదు. కానీ ఆ దబాయింపు వెనక "నాకు మాట్లాడుకునే దారి ఉంది, నీకు లేదు" అన్న ధీమా ఉంటుంది. స్టోన్‌గేట్ కేసులో బ్రిటన్ జనాన్ని మండించింది కూడా అదే.

యూకేలో చదువుకుంటున్న మన తెలుగు స్టూడెంట్స్‌కి ఓ మాట. అక్కడ ఉద్దేశపూర్వకంగా టికెట్ ఎగ్గొట్టాడని కోర్టులో తేలితే అది క్రిమినల్ కేసే. వీసా అప్లికేషన్‌లో శిక్షల గురించి అడిగే కాలమ్‌లో దాన్ని చెప్పాల్సి వస్తుంది. రైల్‌కార్డు వాడేవాళ్లు ఉదయం పది లోపు ప్రయాణాలకు కనీస ఛార్జీ రూల్ చూసుకోవాలి. ఓయిస్టర్ పరిధి బయటి స్టేషన్‌లో ఎక్కితే కార్డు ట్యాప్ సరిపోదు, ఎక్కేముందే టికెట్ కొనుక్కోవాలి. నోటీసు వస్తే పక్కన పడేయొద్దు. కోర్టుకు వెళ్లకముందే కంపెనీకి రాతపూర్వకంగా జవాబిచ్చి సెటిల్ చేసుకునే వీలుందేమో అడగొచ్చు. ఆ మేనేజింగ్ డైరెక్టర్ వెళ్లింది కూడా సెటిల్‌మెంట్ దారిలోనే.