తీగ మందం మారితే గిటారు గొంతు ఎందుకు మారుతుంది?

పాశ్చాత్య మాండలిన్‌కు ఎనిమిది తీగలు, రెండేసి చొప్పున నాలుగు జతలుగా ఉంటాయి. పాలకొల్లులో 1969లో జన్మించిన మాండలిన్ శ్రీనివాస్ ఆ జతలను వదిలి, ఎలక్ట్రిక్ మాండలిన్‌పై ఐదు ఒంటి తీగలతో కర్ణాటక సంగీతాన్ని పలికించారు. గమకం పలకాలంటే తీగను మెట్టు మీద పక్కకు లాగాలి. జత తీగలను లాగితే రెండింటి శ్రుతీ సమానంగా పెరగడం కష్టం. తీగల అమరికను మార్చితే వాద్యం చేయగల పనే మారుతుందనడానికి ఇది మంచి ఉదాహరణ.

రైల్వే ఉద్యోగాలతో బిలాస్‌పూర్ చేరిన తెలుగు కుటుంబాల్లో, సిర్గిట్టి వంటి చోట గిటారు నేర్చుకునే విద్యార్థికీ ఇదే ప్రశ్న ఎదురవుతుంది. దుకాణంలో 9, 10, 11, 12 అని రాసి ఉన్న తీగల సెట్లలో ఏది కొనాలి? ఆ అంకె మొదటి తీగ మందాన్ని అంగుళంలో వెయ్యో వంతుల్లో చెబుతుంది. 10 అంటే 0.254 మిల్లీమీటర్లు.

తీగ పౌనఃపున్యం దాని పొడవు, బిగువు, మీటరుకు ఉన్న బరువులపై ఆధారపడుతుంది. ఈ సంబంధాన్ని ఫ్రెంచి గణితజ్ఞుడు మారిన్ మెర్సెన్ 1636లో ప్రచురించాడు. మందం పెరిగితే బరువు పెరుగుతుంది కాబట్టి, అదే స్వరం రావాలంటే బిగువూ పెంచాలి. సుమారు 65 సెంటీమీటర్ల తీగ పొడవున్న గిటారుపై మొదటి తీగ సెకనుకు 330 సార్లు కంపించాలంటే 10 సెట్ తీగకు దాదాపు 7.4 కిలోల బిగువు అవసరం. 12 సెట్‌కు అది 10.6 కిలోలు, అంటే 44 శాతం ఎక్కువ.

ఈ బిగువే వేళ్లకు నొప్పి తెస్తుంది, ధ్వనికి బలమూ ఇస్తుంది. ఒకే మేరకు కంపించినప్పుడు బిగువైన తీగలో ఎక్కువ శక్తి ఉంటుంది. అందుకే అకౌస్టిక్ గిటారుపై లావు తీగలు గట్టిగా, నిండుగా పలుకుతాయి. సన్నని తీగ సులువుగా వంగుతుంది, దాని స్వరం తళుక్కుమంటుంది. మరీ లావైన ఉక్కు తీగ కడ్డీలా బిరుసెక్కి, దాని అతిస్వరాలు ఉండాల్సిన చోటుకంటే కాస్త పైకి జరుగుతాయి. మంద్ర తీగలను సన్నని ఉక్కు తీగ చుట్టూ మరో తీగ చుట్టి తయారుచేసేది ఇందుకే: బరువు పెరుగుతుంది, బిరుసుతనం అంతగా పెరగదు.

ఇక్కడ రెండు అపోహలు తొలగాలి. చుట్టలేని లావు తీగను ఎక్కువ శ్రుతికి బిగించినా తెగదనుకోవడం మొదటిది. బిగువు పెరిగినంతగా తీగ అడ్డుకోత వైశాల్యమూ పెరుగుతుంది కాబట్టి, ఒకే స్వరానికి తీగలోని ప్రతిబలం మారదు. లాగితే సన్నని తీగ శ్రుతి ఎక్కువ పెరుగుతుందనుకోవడం రెండోది. ఒకే దూరం లాగితే రెండింటి శ్రుతీ దాదాపు అంతే పెరుగుతుంది. తేడా వేలు పెట్టాల్సిన బలంలోనే ఉంది.

వేసవి వేడికి ఉక్కు వ్యాకోచించి తీగ సడలుతుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే మొదటి తీగ శ్రుతి అరస్వరంలో సుమారు పదో వంతు తగ్గుతుంది. ఎండలు 40 డిగ్రీలు దాటే బిలాస్‌పూర్‌లో ఇది చెవికి తెలుస్తుంది. తీగ మందం మార్చినా దీనికి పరిష్కారం లేదు, మళ్లీ శ్రుతి చేసుకోవాల్సిందే.

నాదం తీగతోనే తేలేది కాదు. వీణ, తంబురాల వంపు తిరిగిన బ్రిడ్జి అతిస్వరాలను ఎలా పోషిస్తుందో సి.వి. రామన్ 1921లోనే వివరించారు. కాబట్టి తీగలు మార్చేముందు వాద్యాన్ని చూడాలి. 12 ఉక్కు సెట్‌లోని ఆరు తీగలు కలిసి 70 కిలోలకు పైగా లాగుతాయి. నైలాన్ తీగల క్లాసికల్ గిటారు ఇందులో దాదాపు సగం లాగుడుకే తయారవుతుంది. దానికి ఉక్కు తీగలు బిగిస్తే మెడ వంగవచ్చు, బ్రిడ్జి ఊడిపోవచ్చు. ఉక్కు తీగల గిటారుకైనా ఒకేసారి రెండు మూడు అంకెలు ఎక్కకుండా ఒక్కో మెట్టే మార్చి, మెడ వంపును, మెట్ల నుంచి తీగల ఎత్తును సరిచూసుకోవాలి. కొత్తగా నేర్చుకునేవారు 10 సెట్‌తో మొదలుపెట్టి, వేళ్లు గట్టిపడ్డాక 11కు వెళ్తే తేడా తమ చెవితోనే తెలుసుకోగలరు.