పాత కంప్యూటరులో లినక్సు

కంప్యూటరు ఎంత వెల పెట్టి కొన్నదైనను, మీట నొక్కగనే తెరపై అక్షరము చూపుటకు దానికొక నిర్వాహకుడు కావలెను. యంత్రభాగముల నన్నింటిని నడుపు ఆ మూల ప్రోగ్రామునే ఆపరేటింగు సిస్టము అందురు. ఇండ్లలోని కంప్యూటర్లలో పెక్కింట నుండునది మైక్రోసాఫ్టువారి విండోస్. దాని మూలరచనను వాడుకరులు చదువజాలరు, మార్చజాలరు. విండోస్ 10 నకు మామూలు భద్రతా సవరణల గడువు 2025 అక్టోబరు 14తో ముగిసినది. విండోస్ 11 కోరు హంగులు లేని యంత్రములు మంచి స్థితిలో నున్నను మూలపడు గతి పట్టెను. అట్టి వానికి లినక్సు మరికొంత ఆయుష్షు నీయగలదు.

1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్మన్ అనునతడు, ఎవరైనను చదువవచ్చును, మార్చవచ్చును, పరులకు పంచవచ్చును అను నియమముతో గ్నూ అను సిస్టమును నిర్మింప బూనెను. అందులకు హృదయము వంటి కెర్నెలు మాత్రము చిరకాలము కుదరలేదు. 1991లో ఫిన్లెండు దేశమున హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ ఆ లోటు తీర్చెను. అప్పటికి అతని వయస్సు 21 ఏండ్లు మాత్రమే! నేడు లినక్సునకు అనేక రూపములు కలవు. వానిలో మింట్ అనునది పాత యంత్రములకు అనుకూలము. దానికి 2 జీబీ మెమరీ, డిస్కులో 20 జీబీ చోటు ఉన్న చాలును. 4 జీబీ మెమరీ యున్న మరింత సుఖముగా నడచును.

దీనిని స్థాపింపబూనువారు మొదట చేయవలసినది లినక్సు పని కాదు. ఇంటివారి ఫోటోలు, పత్రములు, లెక్కలు సమస్తమును వేరొక డిస్కులోనికి నకలు చేసి, ఆ నకలు తెరచుకొనుచున్నదో లేదో చూడవలెను. పదేండ్ల నాటి పెండ్లి ఫోటోలు ఒక్క నొక్కుతో మాయమైనచో ఏ సిస్టమును వానిని తిరిగి తెచ్చునని పూచీపడదు.

పిమ్మట మింట్ దస్త్రమును దిగుమతి చేసికొనవలెను. దానితో 64 అక్షరముల సంకేతసంఖ్య యొకటి ప్రకటింపబడి యుండును. దిగిన దస్త్రమునుండి అదే సంఖ్య వచ్చినచో ప్రతి శుద్ధమైనది. దస్త్రమున ఒక్క అక్షరము మారినను సంఖ్య యంతయు మారిపోవును. దానిని తగిన ప్రోగ్రాముతో 8 జీబీ పెన్‌డ్రైవున వ్రాయవలెను. ఊరక నకలు చేసిన చాలదు. అందలి పాత సరుకు తుడిచిపెట్టుకొని పోవును.

పెన్‌డ్రైవు తగిల్చి, యంత్రము మేల్కొనునప్పుడు దాని నిర్మాతలు చెప్పిన మీటను (ఎఫ్2, ఎఫ్12 వంటిది) నొక్కినచో లినక్సు పెన్‌డ్రైవునుండియే నడచును. డిస్కు జోలికి పోదు. శబ్దము, వైఫై, ప్రింటరు సరిగా నున్నవో లేవో అప్పుడే పరీక్షింపవలెను. అన్నియు కుదిరినచో స్థాపన గుర్తుపై నొక్కవచ్చును.

కొంతసేపటికి, విండోస్ ప్రక్కన చోటీయవలెనా, డిస్కునంతయు తుడువవలెనా యని అది ప్రశ్నించును. తెరపై వాక్యమును చదువకయే సరే యని నొక్కువారు పెక్కురు. ఇచ్చట మాత్రము రెండుమారులు చదువుట మేలు. మిగిలిన ప్రశ్నలు స్వల్పములు: భాష, కాలమండలము, పేరు, సంకేతపదము. పని ముగిసిన పిదప పెన్‌డ్రైవు తీసి యంత్రమును మరల నడుపవలెను. విండోస్ కొరకే చేసిన ప్రోగ్రాములు కొన్ని ఇందు నడువవు; వ్రాతపనికి లిబ్రే ఆఫీసు కలదు. కీబోర్డు అమరికలలో తెలుగును చేర్చినచో మన లిపిలోనే వ్రాసికొనవచ్చును. దాచిన ఫోటోలను తిరిగి చేర్చుకొన్నను, ఆ వేరు డిస్కులోని నకలును అట్లే యుంచుకొనవలెను.